ముప్పై రెండు ఇంచులు, పాలబిల్లు తారీఖు

2025 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి జీఎస్టీ తగ్గిస్తామని చెప్పారు. ఆ మరుసటి రోజు నుంచి చిత్తూరులో మా టీవీలు, ఫ్రిజ్‌ల అంగట్లో బేరాలు ఆగిపోయాయి. మనుషులు రాకపోవడం కాదు. వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. ఫ్రిజ్ తలుపు తీసి చూస్తారు, మూసేస్తారు, ధర అడుగుతారు, "తగ్గినాక వస్తాములేప్పా" అని మెట్లు దిగుతారు. ఆగస్టు 27న వినాయక చవితి. మామూలుగా ఆ వారంలో రోజుకు రెండు మూడు పెద్ద బాక్సులు ఆటో ఎక్కేవి. ఈసారి నేనూ మా అబ్బాయీ ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. డిస్ట్రిబ్యూటర్ మాత్రం ఫోన్ చేయడం ఆపలేదు. సరుకు పోయినా పోకపోయినా ఆయనకిచ్చిన చెక్కు తారీఖు మారదు కదా.

సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది, 22 నుంచి అమలు అన్నారు. ఏసీలకు, 32 ఇంచులు దాటిన టీవీలకు, గిన్నెలు కడిగే మెషిన్లకు 28 శాతం కాస్తా 18 అయింది. (గిన్నెలు కడిగే మెషిన్ ఇంతవరకు నేను ఒక్కటి కూడా అమ్మలేదు. మా ఇంటావిడకు ఆ మాట చెబితే, "ఉండాది కదా ఇంట్లో, ఇరవై రెండేండ్లుగా" అంది.) అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ల మీద పన్ను 2018 జులైలోనే 18కి దిగింది. 32 ఇంచుల టీవీకి 2019 జనవరిలో దిగింది. సెల్‌ఫోన్ 2020 ఏప్రిల్లో 12 నుంచి 18కి ఎక్కి అక్కడే కూర్చుంది. అంటే, మా దగ్గర ఎక్కువగా పోయే నాలుగు వస్తువులకూ 22వ తారీఖున తగ్గింది ఏమీ లేదు.

ఇది జనానికి చెప్పడం నా వల్ల కాలేదు. యాదమరి దగ్గర నుంచి ఒకామె వచ్చింది, నెల ముందు ఫ్రిజ్ చూసిపోయినామె. అదే ధర చెప్పాను. "ఏందన్నా ఇది? టీవీలో ఊరూరా తగ్గిందంట, నీ అంగట్లో మాత్రం తగ్గలేదంటావు!" పన్ను లెక్క కాగితం మీద రాసి చూపించాను. కాగితం వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది. చివరికి స్టెబిలైజర్ కొన్న రేటుకే ఇచ్చి పంపాను. వాళ్ల వైపు సాయంత్రం వోల్టేజీ ఎంత ఉంటుందో నాకు తెలుసు.

టీవీల్లో మాత్రం మార్పు కనబడింది. పన్నుకు ముందు 20,000 ఉన్న 43 ఇంచుల టీవీ 25,600 నుంచి 23,600కి వచ్చింది. రెండు వేలే. కానీ 32 కోసం వచ్చిన మనిషిని పక్క టీవీ ముందు నిలబెట్టడానికి ఆ రెండు వేలు చాలు.

నేను 2003లో హైరోడ్డుకు ఆనుకున్న సందులో రిపేరు బల్లతో మొదలుపెట్టాను. పొద్దున్నే బస్సెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి, పార్టులు సంచిలో వేసుకుని రాత్రికి దిగేవాణ్ణి. 2006 నుంచి తమిళనాడులో ప్రభుత్వం 14 ఇంచుల కలర్ టీవీలు ఉచితంగా ఇచ్చింది. మా వైపు సగం ఇళ్లకు కాట్పాడి, తిరుత్తణి వైపు చుట్టరికాలు ఉంటాయి. ఆ టీవీలు ఎట్లా గడప దాటాయో నేను అడగలేదు, రిపేరుకు మాత్రం నా బల్ల మీదికే వచ్చేవి.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక రిపేరు బల్ల వెనక్కి పోయింది, ఫోన్ల అద్దాల బీరువా ముందుకు వచ్చింది. ఆ రోజుల్లోనే ఒక అమ్మాయి ఫోన్ కొనడానికి వచ్చింది, శ్రీసిటీలో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో పని. బాక్సు తిప్పి వెనకున్న చిన్న అక్షరాలు చదివి, "అన్నా, ఇది మా లైన్లోదే అయుండచ్చు" అని నవ్వింది. మరి కొంచెం తగ్గించవా అని కూడా అడిగింది. పదివేల ఫోన్ అమ్మితే నాకు మిగిలేది మూడు నాలుగు వందలు. దాని మీద అంటించే గ్లాసు వందకు అమ్మితే ఎనభై మిగులుతుంది. గ్లాసు ఊరికే వేసిచ్చాను.

ఇప్పుడు అందరూ వాయిదాలే. బయటివాళ్లు అనుకునేది ఏమంటే, ఇక్కడి జనానికి చవక కావాలి అని. ఇరవై ఏళ్లు గల్లా పెట్టె వెనక కూర్చున్నాక నాకు అట్లా అనిపించదు. గుడిపాల రైతుకు అన్నిటికంటే చవక టీవీ చూపిస్తే వద్దంటాడు. రిపేరుకు మనిషి దొరుకుతాడా, ఐదేళ్లు ఉంటుందా అని అడుగుతాడు. ఆ తర్వాత డబ్బు ఏ రోజున కట్టాలి అని అడుగుతాడు. ఆ చివరి ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పడం నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

మూడేళ్ల కిందట ఒక పెద్దాయనకు వాయిదాల మీద టీవీ ఇప్పించాను. ఫైనాన్స్ కంపెనీ పేరు ఎందుకులే. నెలకు రెండు వేలు, రెండో తారీఖున బ్యాంకులో అదంతట అదే కోత పడుతుంది. ఆయనకు రెండు జెర్సీ ఆవులు, పదిహేను రోజులకోసారి పాలబిల్లు. ఆ నెల బిల్లు నాలుగో తారీఖున పడింది. రెండు రోజులే తేడా. కంపెనీ బౌన్స్ చార్జీ వేసింది, బ్యాంకు ఇంకొకటి వేసింది, పాలబిల్లు పడీ పడగానే బ్యాంకు తన చార్జీ పట్టేసుకుంది, దాంతో వాయిదాకు మళ్లీ తక్కువ పడింది. ఆయన అంగడికొచ్చి అరవలేదు. బల్ల మీద పాస్‌బుక్ పెట్టి, "నువ్వే కదప్పా సంతకం పెట్టించింది, ఇదేందో చూడు" అన్నాడు. వడ్డీ సున్నా అని చెప్పి అమ్మింది నేనే. ఆ సున్నా సంగతి కూడా చెప్పాలంటే, 24,000 టీవీని రొక్కంగా కొంటే 22,800కి ఇచ్చేవాణ్ణి. పన్నెండు వందలు ఎక్కడికి పోయాయో వేరే చెప్పాలా.

అప్పటి నుంచి ఆధార్ కంటే ముందు పాలబిల్లు తారీఖు అడుగుతున్నాను. కంపెనీ కుర్రాడు విసుక్కుంటాడు. ఐదో తారీఖు దొరికితే ఐదు, లేకపోతే "ఒక వాయిదా డబ్బు ఖాతాలో ఎప్పుడూ కదపకుండా ఉంచు పెద్దాయనా" అని చెప్పి పంపుతాను.

వాషింగ్ మెషిన్ల సంగతీ ఇట్లాంటిదే. రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ ఇంకా ఎందుకు పోతుందంటే ధర తక్కువని అంటారు. చిత్తూరులో కొళాయి ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆ మెషిన్లో బిందెతో నీళ్లు పోసుకోవచ్చు, మొదట తెల్లబట్టలు ఉతికిన సోపు నీళ్లలోనే ముతక బట్టలు వేసుకోవచ్చు. ఆటోమేటిక్ ఆ నీళ్లను పారబోస్తుంది. ట్యాంకర్ నీళ్లు కొనే ఇంట్లో ఆడవాళ్లు దాన్ని ఎట్లా ఒప్పుకుంటారు?

ఈమధ్య కొత్త తలనొప్పి ఫోన్ల ధరలు. ఏఐ సర్వర్ల కోసం మెమరీ చిప్పులన్నీ అటు పోతున్నాయని, అందుకే ఫోన్లకు రేటు పెరిగిందని డిస్ట్రిబ్యూటర్ చెప్పాడు. తొమ్మిది వేల ఫోన్ మీద ఐదొందలు పెరిగితే ఎంత దెబ్బో ఆయనకు తెలియదు. రిపేరు బల్లకు మళ్లీ దుమ్ము దులిపాను. డిస్‌ప్లే మార్చుకోవడానికి, బ్యాటరీ వేయించుకోవడానికి వస్తున్నారు.

నిన్న బంగారుపాళ్యం నుంచి తెలిసిన రైతు వచ్చాడు, ఐదెకరాల తోతాపురి మామిడి తోట. 2025 వేసవిలో కిలో కాయలకు గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4, మొత్తం 12 అన్నారు. ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. అప్పుడు నా దగ్గర అడ్వాన్స్ ఇచ్చిన ఏసీని ఆయనే వద్దనుకుని, డబ్బు వాపసు తీసుకున్నాడు. నిన్న మాత్రం 43 ఇంచుల టీవీ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఈసారి పూత బాగుండాదప్పా. ఇదొకటి పక్కన పెట్టు."

"పూత చూసి బాక్సు పక్కన పెట్టమంటే ఎట్లన్నా?"

"సరే, పిందె పట్టినాక వస్తాలే" అని నవ్వి, ఇంట్లో రిమోటుకు రెండు సెల్లులు కొనుక్కుని పోయాడు. నేను పుస్తకంలో ఆయన పేరు రాసి, పక్కన జూన్ అని రాసి, ఎందుకైనా మంచిదని జులై అని దిద్దుకున్నాను.