వంజంగి వెళ్తే సూర్యోదయం అవ్వగానే దిగిపోకండి

కొండ మీంచి చూస్తే కింద మేఘాల సముద్రం కనపడే వంజంగి వీడియోలు చూసి బయల్దేరే వాళ్ళకి ముందే ఒక మాట చెప్పేస్తున్నా, ఆ మేఘాలు టికెట్ కొంటే కనపడేవి కాదు. రాత్రంతా డ్రైవ్ చేసుకుని వచ్చి, చీకట్లో కొండెక్కి, తెల్లారాక ఎదురుగా ఏమీ లేకపోతే మొహాలు వేలాడేసుకుని దిగిపోయే వాళ్ళని చాలామందిని చూశాను. అసలు నాకైతే మేఘాలు విడిపోయాక కనపడేదే ఎక్కువ నచ్చుతుంది, కానీ ఆ టైంకి కొండ మీద ఎవరూ ఉండరు, అందరూ కిందకెళ్ళి టిఫిన్ల దగ్గర ఉంటారు. అందుకే ఈ పోస్ట్.

తెలియని వాళ్ళకి చెప్పాలంటే, వంజంగి పాడేరుకి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. పైన కొండ సుమారు 3,400 అడుగుల ఎత్తు, స్థానికులు బోనంగమ్మ కొండ అంటారు, బోర్డుల మీద, రీల్స్‌లో మాత్రం మేఘాల కొండ. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చాక పాడేరు జిల్లా కేంద్రం అయింది గానీ మా విశాఖపట్నంలో ఇప్పటికీ ఎవరైనా "ఎక్కడికి వెళ్తున్నారు" అంటే "ఏజెన్సీకి" అనే అంటాం, అంటే ఈ గిరిజన కొండ ప్రాంతానికి అని.

వైజాగ్ నుంచి సబ్బవరం, చోడవరం, వడ్డాది, మాడుగుల మీదుగా వంద కిలోమీటర్ల పైనే. మాడుగుల దాటాక ఘాట్ మొదలవుతుంది, మలుపులు గట్టిగానే ఉంటాయి, పొగమంచు పడితే ముందు బండి టెయిల్ లైట్ కూడా కనపడదు, కాబట్టి కొత్తగా కారు నేర్చుకున్న వాళ్ళు అర్ధరాత్రి ఈ ఘాట్ ఎక్కే సాహసం చెయ్యొద్దు, సాయంత్రమే పాడేరు చేరిపోయి ఎక్కడో ఒకచోట పడుకోవడం మేలు. ద్వారకా బస్టాండ్ నుంచి పాడేరుకి ఆర్టీసీ బస్సులు కూడా ఉన్నాయి. వంట్లమామిడి, మినుములూరు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్కన కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు. చీకట్లో వెళ్తే ఇవేవీ కనపడవు, పగలు వెళ్ళమనడానికి అదొక కారణం. 2019లో అరకు కాఫీకి జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు పంట అని ఇచ్చే గుర్తింపు) వచ్చినప్పటి నుంచి అందరూ అరకు అరకు అంటారు గానీ పాడేరు చుట్టుపక్కల పండేది కూడా తక్కువేం కాదండీ.

ఇక నడక. బళ్ళు ఆగే చోటు నుంచి పైదాకా రెండు కిలోమీటర్లు అనుకోండి, జీపులు కొంత దూరం తీసుకెళ్తాయి, తర్వాత కాలినడకే. ట్రెక్ అని పెద్ద పేరు పెట్టారు గానీ మధ్యమధ్యలో ఆగుతూ ఎక్కితే గంటలోపు అయిపోతుంది. మొదట్లో మట్టిబాట వెడల్పుగానే ఉంటుంది, పైకి వెళ్ళేకొద్దీ రాళ్ళు, వదులు మట్టి, చివర్లో నిట్టనిలువుగా ఒక ముక్క, అక్కడ చెప్పులేసుకొచ్చిన వాళ్ళందరూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని లాక్కుంటూ కనిపిస్తారు. టార్చ్ తప్పనిసరి, ఫోన్ లైట్ పట్టుకుంటే ఒక చెయ్యి బిజీ అయిపోతుంది, ఆ ముక్క దగ్గర రెండు చేతులూ కావాలి. దారిలో ఒకటి రెండు వ్యూ పాయింట్లు ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మొదటి దాని దగ్గర కూర్చున్నా బానే ఉంటుంది, అమ్మని నేను అక్కడే కూర్చోబెట్టా, ఆవిడ ఫ్లాస్కులో టీ తాగుతూ మాకంటే హాయిగా చూసింది.

ఎక్కే ముందు కింద టీ కొట్టు దగ్గర ఆగాం. మా బావ అలవాటుగా కొట్టు నడిపే ఆవిడని అడిగాడు, "అమ్మా, ఇవాళ మేఘాలు వస్తాయా?" అని. ఆవిడ పొయ్యి ఊదుకుంటూనే, "రాత్రి చుక్కలు కనపడ్డాయా బాబూ?" అంది. కనపడ్డాయి అన్నాడు. "గాలి కూడా లేదు కదా, మరైతే వస్తాయి, వెళ్ళండి" అంది. అంతే. వెదర్ యాప్‌లో మూడు రోజులుగా మా బావ చూస్తున్నదంతా ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది.

ఎందుకంటే వంజంగిలో మనం చూసేది చాలావరకు లోయలో పుట్టిన పొగమంచే. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేలలో వేడి అంతా పైకి పోతుంది, మబ్బు దుప్పటి లేదు కదా ఆపడానికి. నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలి చల్లబడుతుంది, చల్లగాలి బరువు కాబట్టి కొండవాలు మీంచి మెల్లగా కిందకి జారి లోయలో చేరుతుంది, అక్కడ వానాకాలం తేమ ఇంకా ఆరని పొలాలు, గెడ్డలు (వాగులు) ఉంటాయి, ఇక రాత్రంతా కుండలో పెరుగు తోడుకున్నట్టు లోయలో మంచు తోడుకుంటుంది. పైన ఉన్న కాస్త వెచ్చటి గాలి దానికి మూతలా కూర్చుంటుంది, అందుకే ఆ తెల్లటి పొర పైభాగం అంత సమంగా ఉంటుంది. మనం ఆ మూతకి పైన నిలబడతాం. గాలి వీస్తే మొత్తం చెదిరిపోతుంది. రాత్రి మబ్బు పడితే అసలు పుట్టదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే ఇంకా ఘోరం, కొండే మబ్బులో ఉంటుంది, పక్కనున్న మనిషి జాకెట్ రంగు కూడా తెలీదు.

ఏజెన్సీలో చలి రికార్డులన్నీ మినుములూరు, చింతపల్లి, అరకు, లంబసింగి లాంటి చోట్ల నుంచే పేపర్లో వస్తాయి, కొండ కొనల నుంచి కాదు, చల్లగాలి కిందకి జారి పల్లంలో చేరుతుంది కాబట్టే. కొండ పైన చలి ఎక్కువ అనిపించేది గాలి తగిలి. డిసెంబర్ తెల్లవారుజామున కింద ఊళ్ళో ఉన్న చలే అసలు చలి, మంకీ క్యాప్ అక్కడ నుంచే పెట్టుకోండి, ఫొటోల కోసం సిగ్గుపడకండి.

డిసెంబర్‌లో ఆరుంపావు దాటాక సూర్యుడు వస్తాడు. ఆ పావుగంట గురించి నేను ఎక్కువ రాయను, వీడియోలు ఎలాగూ చూసుంటారు, బాగుంటుంది, నిజంగానే బాగుంటుంది, కానీ శనాదివారాలు అయితే ఆ కొండ వెన్ను మీద నిలబడే చోటు కోసం తోపులాట, సెల్ఫీ స్టిక్కులు, ఎవడో ఒకడు బ్లూటూత్ స్పీకర్. కొండ మీద పాటలు పెట్టే వాళ్ళని ఏమనాలో నాకు తెలీదు, ఇయర్ ఫోన్స్ కనిపెట్టి ఎన్నాళ్ళైంది బాబూ. అంచుల దగ్గర రెయిలింగ్ ఉందనుకుని వెళ్ళకండి, రాళ్ళ మీద మంచు పడి జారుతుంది, పిల్లల చెయ్యి వదలొద్దు.

ఏడు దాటగానే జనం దిగడం మొదలెడతారు. అప్పుడు ఆగండి. ఎండ నేలకి తగిలేకొద్దీ ఆ తెల్లపొర కదలడం మొదలవుతుంది, ముందు అంచులు పలచబడతాయి, తర్వాత ముక్కలు ముక్కలుగా లేచి కొండ మీదకే వస్తుంది, పది నిమిషాలు మనకేం కనపడదు, మొహం తడిసిపోతుంది, అదిగో అయిపోయింది ఇక దిగుదాం అనుకుంటుండగానే ఒక పక్క తెర తొలుగుతుంది. అప్పుడు తెలుస్తుంది మనం ఎంత ఎత్తులో నిలబడ్డామో. పొద్దున్న మేఘాలు ఉన్నంతసేపూ అది నేలలాగే అనిపిస్తుంది, భయం ఉండదు, ఇప్పుడు చూస్తే కాళ్ళ కింద వాలు అలా జారిపోయి ఉంటుంది, మా బావ మెల్లగా రెండడుగులు వెనక్కి వేశాడు.

కింద వరి కోసేసిన మడులు మెట్లు మెట్లుగా, అక్కడక్కడా వలిసె పూల పసుపు, వాలు మీద పోడు సాగు కోసం కొట్టిన నేల ముక్కలు, రేకుల ఇళ్ళు, పెంకుటిళ్ళు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే సన్నటి దారి. దూరంగా వరసల మీద వరసలు కొండలే. తూర్పు కనుమల్లో 1,600 మీటర్లు దాటిన శిఖరాలు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి, కానీ వెన్ను మీద నిలబడి చూస్తే ఏది ఎత్తో ఏది పొట్టో చెప్పలేం, అన్నీ ఒకేలా నీలంగా ఉంటాయి. మనం కూర్చునే ఆ ఎర్రటి రాయి సంగతి కూడా చెప్పాలి, ఈ కనుమల్లో ఎక్కువగా ఉండే రాయిని ఖొండలైట్ అంటారు, ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిందే, కోణార్క్ గుడి కట్టింది కూడా ఆ జాతి రాయితోనే. ఈ ముక్క చెప్తే మా వాళ్ళెవరూ వినలేదు, ఆకలేస్తోంది అన్నారు.

దిగేటప్పుడు ఎదురొచ్చే ఊరివాళ్ళని చూడండి, కాఫీ పళ్ళ సీజన్లో బుట్టలు పట్టుకుని తోటలకి వెళ్తుంటారు, మనం ఆయాసపడుతూ దిగే దారి వాళ్ళకి పనికెళ్ళే దారి. వాళ్ళని అడక్కుండా ఫొటోలు తీయడం, తోటల్లోకి దూరి కాఫీ కొమ్మలు విరిచి పోజులివ్వడం దయచేసి మానేయండి. చెత్త సంగతి చెప్పి చెప్పి విసుగొచ్చింది, పైకి తీసుకెళ్ళగలిగిన వాటర్ బాటిల్ ఖాళీ అయ్యాక కిందకి తేలేకపోవడం ఏంటో.

అక్టోబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా వెళ్ళొచ్చు, నన్నడిగితే వారం మధ్యలో వెళ్ళండి, అంతకుముందు రెండ్రోజులు వాన పడి తర్వాత ఆకాశం తేటపడితే ఇంకా మంచిది. పాడేరులో మోదకొండమ్మ గుడి చూసుకుని, టిఫిన్ చేసి, తిరుగు దారిలో మాడుగులలో హల్వా కొనుక్కోండి, గోధుమపాలతో నెయ్యి ధారాళంగా పోసి చేస్తారు. అరకేజీ చాలు అని మా బావ, కేజీ అని నేను, అమ్మ ఇద్దరి మాటా వినకుండా రెండు కేజీలు కట్టించింది.