మరాష్ కుట్టు: గుడ్డలోకి దిగని అల్లిక

అర్మేనియన్ చేతిపనులంటే ముందుగా తివాచీలు, ఖచ్‌కార్ అనే శిలువ చెక్కిన రాళ్లు, ఆప్రికాట్ చెక్కతో చేసే దుదుక్ వాయిద్యం గుర్తొస్తాయి. కానీ కవర్లో పెట్టి ఎవరికైనా పంపేంత చిన్నగా, ఇంట్లో కూర్చుని సొంతంగా చేసేంత సులువుగా ఉండేది మరాష్ కుట్టు. ఒక బుక్‌మార్క్‌తో మొదలుపెడితే చాలు, కిటుకంతా అందులోనే పట్టుబడుతుంది.

మరాష్ ఇప్పుడు టర్కీలో కహ్రమాన్‌మరాష్ పేరుతో ఉన్న ఊరు. 1915లో అర్మేనియన్ల మీద జరిగిన మారణహోమం తర్వాత, 1920లో ఫ్రెంచ్ సైన్యం ఊరు విడిచి వెళ్లాక, బతికి బయటపడ్డ అర్మేనియన్లు అలెప్పోకీ బేరూట్‌కీ చేరారు. కుట్టు కూడా వాళ్లతో వెళ్లింది, ఊరిపేరు దానికి అలాగే ఉండిపోయింది. పొరుగునే ఉన్న ఐంతాబ్ పని దీనికి పూర్తిగా వేరు. అక్కడ తెల్లగుడ్డలో పోగులు లాగేసి, మిగిలిన వాటిని కట్టి జాలీ చేస్తారు. మరాష్‌లో గుడ్డ చెక్కుచెదరదు: ముందు గుడ్డ మీద దారాలతో పునాది కుట్టి, ఆ దారాల చుట్టూ మాత్రమే రెండో దారాన్ని అల్లుతారు. కచ్ వర్క్ వచ్చినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, అల్లే పద్ధతి అదే.

కావలసినవి: దట్టంగా నేసిన ముదురు రంగు కాటన్ గుడ్డ 25 సెంటీమీటర్ల చదరం, గుడ్డ బిగించే 20 సెంటీమీటర్ల రింగు, 8 నంబర్ పెర్ల్ కాటన్ (పోగులు విడిపోకుండా మెలిపెట్టిన దారం) రెండు రంగుల్లో, ఒక మామూలు సూది, మొన మొద్దుగా ఉన్న సూది ఇంకొకటి. ఆరు పోగుల దారం వద్దు. అల్లేటప్పుడు సూది పోగుల మధ్యలోకి దూరి దారాన్ని చీలుస్తుంది. పాత మరాష్ పని మఖ్మల్ మీద చాలా అందంగా ఉంటుంది నిజమే, కానీ మొదటిసారే దాని జోలికి వెళ్లకండి. గీసిన గుర్తులు నూగులో మాయమైపోతాయి.

గుడ్డ మీద 15 సెంటీమీటర్ల పొడవున రెండు సమాంతర గీతలు గీయండి. మధ్య దూరం ఒకటిన్నర సెంటీమీటరు. రెండిటి మీదా సెంటీమీటరుకో చుక్క, సున్నా నుంచి 15 దాకా. ఈ చుక్కల మీద పునాదిగా రెండు వరుసల హెర్రింగ్‌బోన్, అంటే దారాలు ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి దాటే కుట్టు వేయాలి. మొదటి వరుస కింది సున్నా నుంచి పైన 1కి, అక్కణ్నుంచి కింద 2కి, మళ్లీ పైన 3కి. రెండో వరుస పైన సున్నా, కింద 1, పైన 2. ప్రతి చుక్క దగ్గరా సూదిని ఎడమవైపుకి తిప్పి, రెండు మూడు మిల్లీమీటర్ల గుడ్డ మాత్రమే పట్టాలి. ఒక్కో వరుసకి అర మీటరు దారం సరిపోతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మామూలు హెర్రింగ్‌బోన్‌లో కొత్త దారం ఎప్పుడూ పాతదాని మీదుగానే పోతుంది. మరాష్‌కి అది పనికిరాదు. గీతల దగ్గర పడే చిన్న ఇంటూల్లో పైకెక్కే దారం మీద ఉండాలి, నడిమధ్య పడే ఇంటూల్లో కిందికి దిగే దారం మీద ఉండాలి. అందుకని రెండు వరుసల్లోనూ, పై గీత నుంచి కిందికి దిగేటప్పుడల్లా అప్పుడే ఎక్కిన దారం కింద నుంచి సూదిని దూర్చండి. రెండో వరుసలో పైకెక్కేటప్పుడు, మధ్యలో అడ్డొచ్చే మొదటి వరుస దారం కింద నుంచి కూడా. ఇంతే. అయ్యాక ఏదో ఒక దారాన్ని పట్టుకుని వేలితో చూసుకుంటూ పోతే మీద, కింద, మీద లేదా కింద, మీద, కింద అని రావాలి. ఒక్కచోట తప్పినా అక్కడిదాకా విప్పేయండి, ఎందుకంటే పైన వేసే అల్లికకు పట్టు ఈ దారాలే. తప్పు పడినచోట దానికి ఆనుకోవడానికి ఏమీ దొరకదు, వదులుగా వేలాడుతుంది.

ఇప్పుడు రెండో రంగుతో అల్లిక. ఒకటిన్నర మీటర్ల దారం ఒకేసారి తీసుకోండి, మధ్యలో అతుకు వేస్తే ముడి దాచే చోటు ఉండదు. మొద్దు సూది లేకపోతే మామూలు సూదినే తిప్పి బెజ్జం వైపు నుంచి దూర్చండి. ఎడమ చివర పైకి తీసి, పై గీత దగ్గరి ఇంటూల చుట్టూ ఒక్కొక్కటిగా తిప్పుకుంటూ కుడి చివరికి వెళ్లి, కింది ఇంటూల చుట్టూ తిప్పుకుంటూ వెనక్కి రావాలి. ఎదురైన ప్రతి దారానికీ ఒకసారి మీద, ఒకసారి కింద. వెనక్కి వచ్చేటప్పుడు మధ్యలో ముందు వేసిన అల్లిక దారం కూడా లెక్కలోకి వస్తుంది, చాలామంది మరిచిపోయేది దీన్నే. మొదటి చివర, ఆఖరి చివర తప్ప సూది గుడ్డలోకి దిగనే దిగదు.

పునాది కుట్టు మరీ బిగిస్తే అల్లికకు చోటు చాలక గుడ్డ ముడతలు పడుతుంది. సూదితో ఎత్తితే దారం ఒక మిల్లీమీటరు లేవాలి, అదే కొలత. అల్లిక పూర్తయ్యేదాకా రింగు విప్పకండి. ఎర్ర దారమైతే ముందే తడి తెల్లగుడ్డలో చుట్టి చూడండి, రంగు వదిలితే ఇంకోటి తీసుకోండి. ఇస్త్రీ మందపాటి తువ్వాలు మీద బోర్లా వేసి వెనక నుంచే చేయాలి, లేదంటే ఉబ్బంతా అణిగిపోతుంది. తర్వాత అంచులు మడిచి అస్తరు కుట్టేస్తే బుక్‌మార్క్ సిద్ధం.

కొనుక్కోవాలనుకునేవాళ్లు అర్మేనియా రాజధాని యెరెవాన్‌లో వెర్నిసాజ్ సంతకి శని, ఆదివారాల్లో వెళ్లండి, అప్పుడే దుకాణాలు ఎక్కువ. మరాష్ పని అని చెప్పి ఇచ్చినదాన్ని తిరగేసి చూడండి. వెనకవైపు రెండు వరుసల్లో చిన్న చిన్న గీతలు మాత్రమే కనిపించాలి. మెషిన్ మీద కుట్టిందైతే ముందున్న డిజైనంతా వెనకా దారాలతో నిండి ఉంటుంది. అస్తరు వేసి ఉంటే, అమ్మేవారిని అడిగి మొద్దు సూదిని అల్లిక కిందికి జార్చి చూడండి. చేత్తో చేసింది గుడ్డ నుంచి విడిగా పైకి లేస్తుంది.