మిద్దె తలుపు తాళం

కువైట్‌లో పదకొండేళ్లు హారిస్‌గా పనిచేశాను. హారిస్ అంటే భవనానికి కాపలాదారు. మెట్లు కడగడం, మిద్దె మీది ట్యాంకులు చూసుకోవడం, తెల్లవారకముందే కార్లు తుడవడం, అన్నీ అతని పనే. ఉండడానికి మెట్ల కింద ఒక గది ఇస్తారు. కడప నుంచి వెళ్లి అలాంటి గదుల్లో బతికినవారు ఎందరో.

2024 జూన్ 12, బుధవారం. తెల్లవారుజామున కువైట్‌లోనే మంగఫ్ అనే పేటలో కార్మికులు ఉండే భవనం అంటుకుని 50 మంది చనిపోయారు. ఎక్కువ మంది మన దేశం వారే. కింది అంతస్తులో కాపలాదారు గదిలో షార్ట్ సర్క్యూట్ అయిందని విచారణలో తేలింది. గదుల మధ్య కట్టిన అడ్డులు ఇట్టే మండే రకం. మెట్లనిండా పొగ. పైకి పరుగెత్తినవారికి మిద్దె తలుపు తాళం వేసి ఉంది. యజమానితోపాటు కాపలాదారునూ పట్టుకోమని కువైట్ మంత్రి ఆదేశించారు.

ఆ రోజు నా గదిలో చాలాసేపు కూర్చుండిపోయాను. గోడకు ఒకటే ప్లగ్గు. దానికి తెల్లటి ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఫ్రిజ్, కుక్కరు, హీటరు పొయ్యి, ఫోను ఛార్జరు అన్నీ దానికే. బాక్సు ఒక మూల కమిలి గోధుమరంగుకు తిరిగింది. రోజూ చూస్తున్నదే. తాకితే వెచ్చగా ఉంది. దాని పైన మేకుకు మిద్దె తాళంచెవి వేలాడుతోంది. తాళం వేయమన్నారు, వేశాను. రాత్రి నాకు మెలకువ రాకపోతే పైనున్నవారి గతి ఏమిటని ఏనాడూ ఆలోచించలేదు. అప్పుడే వెళ్లి తాళం తీసేశాను.

తర్వాత బలదియా వాళ్లు వీధి వీధీ తిరిగారు. మున్సిపాలిటీని అక్కడ మనవాళ్లందరూ బలదియా అనే అంటారు. నేలమాళిగల్లో సరుకులు ఖాళీ చేయించారు. మా భవనంలో ప్లైవుడ్ అడ్డులు పీకించారు. పడుకునే చోటు పోయిన కుర్రాళ్లు ఎక్కువ అద్దెకు వేరే పేటకు వెళ్లారు. ఆ భారం కూలివాడి మీదే పడడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. అయినా ఆ అడ్డులు ఉండకూడనివే.

ఇప్పుడు కడపలో ఉంటున్నాను. మొన్న ఏడురోడ్ల దగ్గర అక్కవాళ్ల అపార్టుమెంటుకు వెళ్తే మిద్దె తలుపుకు తాళం కనిపించింది.

"ఎందుకన్నా తాళం?" అని వాచ్‌మన్‌ను అడిగాను.

"పిల్లలు ఎక్కుతున్నారని వేయించారన్నా. చెవి మూడో అంతస్తులో సారు దగ్గర ఉంటుంది."

"రాత్రి పొగ కమ్ముకుంటే?"

అతను మెట్లవైపు చూశాడు.

కింద సెల్లారు సగం అట్టపెట్టెలతో నిండి ఉంది. ఒక దుకాణం వాళ్లకు అద్దెకిచ్చారట. మన భవన నిబంధనల్లో సెల్లారు బండ్లు నిలపడానికే. కట్టడం ప్లాను ప్రకారం ఉందని చూసి, అందులో ఉండవచ్చని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ కాగితం చేతికి వచ్చిన తర్వాత సెల్లారును గోదాముగా మార్చుకునేది మనమే.

మూడో అంతస్తు సారుతో మాట్లాడాను. మంగఫ్ సంగతి మొత్తం విన్నారు. మరునాడు తాళం తీయించి, పిల్లలకు అందని ఎత్తున గొళ్లెం పెట్టించారు. అట్టపెట్టెల మాట ఎత్తితే మాత్రం అద్దె డబ్బులతోనే లిఫ్టు నడుస్తోందన్నారు. అర్జీ రాసి పెట్టుకున్నాను. సోమవారం అధికారులకు ఇచ్చి వస్తాను.