గుంటూరు మిర్చి యార్డు నుంచి 3 నిమిషాలు

నాగార్జున యూనివర్సిటీలో జర్నలిజం పీజీలో చేరేనాటికి వార్త రాయడం నాకు వచ్చనే అనుకున్నాను. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అన్నవి మొదటి పేరాలో సర్దడం, ముఖ్యమైనది పైన పెట్టడం, చోటు చాలక డెస్కులో కోసేసినా ఫర్వాలేనిది కిందకి నెట్టడం అలవాటైపోయింది. రెండో సెమిస్టర్లో ఆడియో రిపోర్ట్ ఇచ్చారు. 3 నిమిషాలు, ఎవరికి దగ్గరున్న చోటు వాళ్లు ఎంచుకోవచ్చు. గుంటూరు పక్కనే ఉంటూ మిర్చి యార్డు కాక ఇంకెక్కడికి వెళ్తాను?

వెళ్లకముందే స్క్రిప్టు రాసి మేడంకి చూపించాను. 'ధరల పతనంపై రైతులు తీవ్ర ఆవేదన వ్యక్తం చేస్తున్నారు' అన్న వాక్యం దగ్గర ఆవిడ ఆగారు.

"మీ నాన్నగారు మిరప వేస్తారన్నావు కదా. రేటు పడిపోయిన రోజు ఇంటికొచ్చి ఆవేదన వ్యక్తం చేస్తారా?"

"లేదు మేడం. అన్నం తినరు."

"అది రాయి."

ఆ రోజు నుంచి 'పేర్కొన్నారు', 'వెల్లడించారు', 'వ్యక్తం చేశారు' నా నోట్సులో నుంచి పోయాయి. పేపరు చదివేవాళ్లకు అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటారు. వినేవాళ్లకు ఆ వీలు లేదు. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి 'వచ్చి, చూసి, అడిగి, తెలుసుకుని' అంటూ సాగదీస్తే వాక్యం ముగిసేసరికి ఎవరి గురించి చెబుతున్నామో మర్చిపోతారు. అందుకే విరగ్గొట్టాను. ఒక వాక్యానికి ఒక్క సంగతి. అంకెలన్నీ చెవిలో నిలవవు, ఒక్కటి ఉంచితే చాలు. హాస్టల్ గదిలో గట్టిగా చదువుకుంటూ, ఊపిరి అందని చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టేదాన్ని.

యార్డులో మొదటి రోజు చేతికొచ్చింది ఏమీ లేదు. గేటు దాటగానే ఘాటు గొంతు పట్టేసింది. ముక్కుకు తువాలు కట్టుకున్న హమాలీలు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసుకుపోతుంటే, పల్నాడు నుంచి వచ్చిన ఓ రైతు తన బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. పావుగంట మాట్లాడాడు, ఎంత బాగా మాట్లాడాడో! సాయంత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ప్రతి మాట కిందా నా గొంతే. ఆఁ, అవును బాబాయ్, అయ్యో, ఊఁ. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఊకొట్టడం మనకు మర్యాద. రికార్డింగులో మాత్రం అది ఆయన మాటను ఎక్కడా కోయనివ్వదు. పైగా మధ్యలో మా అమ్మ ఫోన్ చేసింది, రికార్డింగ్ అక్కడితో ఆగిపోయింది. ఆ సంగతి నేను గమనించనే లేదు.

రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఇయర్‌ఫోన్స్ చెవిలోనే ఉంచుకుని, ఊకొట్టాల్సిన చోట తల మాత్రం ఊపాను. మొదటి రోజు రైతు ఇంకా అక్కడే ఉన్నాడు, ఆయన సరుకు అమ్ముడుపోలేదు. ఎండిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. తేజ రకం మిరపకాయ ఒకటి తీసి నా ఫోన్ దగ్గర పెట్టి ఆడించాడు. లోపల గింజలు సన్నగా గలగలమన్నాయి. "వినపడిందా అమ్మాయ్? మెత్త కాయైతే మాట్లాడదు" అన్నాడు.

నా రిపోర్ట్ అక్కడ మొదలవ్వాలని అప్పుడే తేలిపోయింది. ముందు గలగల, తర్వాత ఆయన మాట, ఆ తర్వాతే నేను. తిరిగి వచ్చే ముందు ఎవరినీ ఏమీ అడగకుండా ఒక నిమిషం పాటు యార్డునే రికార్డు చేశాను. కాటా చప్పుడు, లారీ రివర్సు, దగ్గులు. ఎడిటింగ్‌లో రెండు మాటల మధ్య అతుకు కనబడకుండా కింద పరిచేది ఆ నిమిషాన్నే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇంకేం మర్చిపోయినా దీన్ని మర్చిపోవద్దు.

నా గొంతు దుప్పటి కప్పుకుని రికార్డు చేశాను, గోడలు మోగకుండా. ఎడిటింగ్ అంతా ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో, ఉచితం కాబట్టి. ప్రైవేటు ఎఫ్ఎంలకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్‌నే ఉన్నదున్నట్టు వినిపించుకోవచ్చు. అందుకే తెలుగులో ఇలా చెవికి వార్త చెప్పడం నేర్పే చోట్లు తక్కువ. యూనివర్సిటీలో ఈ సబ్జెక్టు ఉండటం నాకు చాలా పెద్ద సంగతి.

నా చివరి వాక్యం ఇలా ఉండేది: 'అమ్మాలా, ఏసీలో పెట్టాలా అన్నది ఆయన ఇంకా తేల్చుకోలేదు.' మా వైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అనే అంటారు. మర్నాడు ఉదయం ఇచ్చేయాలి. అది నిజమో కాదో ఒకసారి అడిగి చూద్దామని రాత్రి ఫోన్ చేశాను.

"సాయంత్రమే ఏసీకి తోలేశానమ్మా. ఈ రేటుకి ఇవ్వబుద్ధి కాలేదు" అన్నాడు.

పదకొండింటికి మళ్లీ దుప్పటి కప్పుకుని ఆ ఒక్క వాక్యం కొత్తగా చదివాను: 'మేం ఈ కథనం ముగించేసరికి ఆయన టిక్కీలు ఏసీలో ఉన్నాయి. ఆయన ఊరికి బయల్దేరాడు.'