కళ్లెదుటే ఉన్న దేవతను కాదన్న రాత్రి

నిన్న రాత్రి ఆటలో నా పాత్ర తన దేవత మాటను మొదటిసారి కాదన్నది, అప్పటి నుంచి నా మనసు దాని చుట్టూనే తిరుగుతోంది. అది డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒకరు నడిపించే కథలో మిగతావారు తలా ఒక పాత్రగా మారి ఆడే ఆట. అది 1974లో వెలువడిన నాటి నుంచీ అందులో క్లెరిక్ అనే పూజారి పాత్ర ఉంది; నాదీ అదే. ఆ పాత్రకు మంత్రశక్తి చదువు వల్ల కాక దైవం నుంచి వస్తుంది కనుక, దేవుడు ఉన్నాడా అన్న ప్రశ్నకు అక్కడ తావే లేదు. శత్రుసేనలో గాయపడిన ఒక కుర్రవాణ్ణి అలాగే వదిలేయమని దేవత ఆజ్ఞాపించింది. నేను అతని గాయం మాన్పాను. ఆట నడిపించే మిత్రుడు ఏమీ అనకుండా రబ్బరును నా వైపు జరిపాడు. కాగితం మీద పెన్సిలుతో రాసుకున్న మంత్రాల పేర్లను ఒక్కొక్కటిగా చెరిపేస్తుంటే, ఆటే అయినా, నా చేయి వణికింది.

దేవుడు ఉన్నాడని తెలిసినచోట, ఉనికిని నమ్మడానికి విశ్వాసం అక్కర్లేదు. ఆ దేవుడు మంచివాడని నమ్మడానికే అది కావాలి. ఈ రెండింటి మధ్య ఇంత దూరం ఉందని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. ఈ ఆటకే చెందిన ఫర్గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత లోకంలో ఏ దేవుణ్ణీ స్వీకరించని వారి ఆత్మలను మరణానంతరం ఒక గోడలో కలిపేస్తారని 2020 దాకా ఆట పుస్తకాల్లో ఉండేది. అలాంటి శిక్ష అందరికీ తెలిసి ఉన్నప్పుడు, విధేయతలో భక్తి ఎంతో, భయం ఎంతో ఎవరు తేల్చగలరు? నా పూజారిణి మాత్రం శక్తులన్నీ పోయాక కూడా, ఎప్పటిలాగే, నిద్రకు ముందు ప్రార్థనకు కూర్చుంది. జవాబు రాలేదు.