రుద్దకుండా బండి కడగొచ్చా? స్ప్రే క్లీనర్ కొట్టి చూశాను

"చల్లండి, కాసేపు ఆగండి, నీళ్లు కొట్టండి. రుద్దే పనే లేదు." బండ్లు కడిగే స్ప్రే సీసాల మీద దాదాపు ఇదే మాట ఉంటుంది. బైక్ కడగాలంటే మహా బద్ధకం నాకు, కాబట్టి ఈ మాట మీద ఆశ ఉండేది గానీ నమ్మకం ఉండేది కాదు. వానలు తగ్గేసరికి బండి అసలు రంగేమిటో పోల్చుకోలేనట్టు తయారైంది, ఇంతకంటే మంచి పరీక్ష ఎప్పుడు దొరుకుతుందని ఒక సీసా తెచ్చి కొట్టాను.

ముందే చెప్పేస్తాను. పనిచేస్తుంది, కాకపోతే మనం ఆశించే చోట కాదు.

నాకు తేడా తెలియాలి కదా, అందుకని ఇంజిన్ ఎడమ పక్క స్ప్రే, కుడి పక్క ఉత్త పైపు నీళ్లు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి, బండి నీడలో ఉండాలి. వేడి లోహం మీద స్ప్రే పడితే అందులో నీరు క్షణాల్లో ఆవిరై, మందు మాత్రం అక్కడే ఎండి తెల్లటి మరకలు కడుతుంది, ఆ మరకలు వదిలించడం మళ్లీ ఇంకో పని. సైలెన్సర్ మూతికి ఒక ప్లాస్టిక్ కవర్ చుట్టి రబ్బర్ బ్యాండ్ వేశాను (తర్వాత తీయడం మర్చిపోకండి). పైపుతో ఒకసారి తడిపి, వదులుగా ఉన్న ఇసుక, బురద పోయాక కింద నుంచి పైకి స్ప్రే చేసుకుంటూ వెళ్లాను. పై నుంచి మొదలుపెడితే మందు చారలుగా కిందికి కారి, చార పడ్డ చోట ఒకలా, మిగతా చోట ఒకలా తేలుతుంది.

ఇంజిన్ రెక్కల మధ్య చూడాల్సిందే అసలు. తెల్లగా పడ్డ నురగ కాసేపటికి మట్టిరంగుకు తిరిగి, రెక్క అంచుల్లోంచి చిక్కటి గోధుమరంగు చుక్కలు కారడం మొదలైంది. వేలు కాదు కదా, పాత టూత్‌బ్రష్ కూడా దూరని సందులవి. వెనక మడ్‌గార్డ్ లోపల, స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) పైన గట్టిపడిన బురద అయితే నీళ్లు కొట్టగానే పెచ్చులు పెచ్చులుగా జారి పడింది. కుడి పక్క ఉత్త నీళ్లకి పైపైన ఉన్నది పోయింది, సందుల్లో ఉన్నది తడిసి నల్లబడి అక్కడే కూర్చుంది. ఇక్కడ మాత్రం సీసా మాట నిలబెట్టుకుంది.

హెడ్‌లైట్ మీద అతుక్కున్న పురుగులు కూడా తేలిగ్గానే పోయాయి, దానికి కారణం ఉంది. ఈ క్లీనర్లలో చాలావాటికి క్షార గుణం ఉంటుంది, పురుగుల్లో ఉండే కొవ్వును, ప్రోటీన్‌ను క్షారం బాగా విడగొడుతుంది. అదే మందు వెనక రిమ్ము మీద చైన్ చిమ్మిన నల్లటి జిడ్డు దగ్గర చేతులెత్తేసింది. జంతువుల కొవ్వు, వంటనూనె లాంటివి క్షారంతో కలిస్తే సబ్బుగా మారతాయి. పెట్రోలియం నుంచి వచ్చిన నూనెలు అలా మారవు, చైన్ ల్యూబ్‌లోనూ ఇంజిన్ ఆయిల్‌లోనూ ఎక్కువగా ఉండేవి అవే. స్ప్రేలోని డిటర్జెంట్ పదార్థం ఒక కొసతో నూనెని, ఇంకో కొసతో నీటిని పట్టుకుని కొంత లాగుతుంది గానీ, దుమ్ముతో కలిసి మడ్డి కట్టిన జిడ్డుకి అది చాలదు. గుడ్డకి కాస్త కిరోసిన్ అద్ది తుడిస్తే రెండు నిమిషాల్లో పోయింది. ఇంజిన్ కింద వేడికి మాడి అంటుకుపోయిన ఆయిల్ సంగతి ఇక అడగొద్దు, దానికి బ్రష్షే గతి.

ఇక ట్యాంకు. తడిగా ఉన్నంతసేపూ షోరూమ్ నుంచి దించినట్టు మెరిసింది. ఆరాక మళ్లీ ఏదో మసక. తెల్ల గుడ్డతో ఒక్కసారి అలా తుడిచి చూస్తే బూడిదరంగు పట్టీ దిగింది! రోడ్డు మీద పొగ, నూనె ఆవిరి, సన్నటి దుమ్ము కలిసి పెయింట్ మీద పట్టే పలుచటి పొర అది. నీళ్లు ఎంత జోరుగా కొట్టినా, సరిగ్గా పెయింటుని ఆనుకుని ఉండే నీటి పొర దాదాపు కదలదు. మురికి రేణువులు ఆ కదలని పొరలోనే దాక్కున్నంత చిన్నవి కాబట్టి పై ప్రవాహం వాటిని పీకలేదు. ఏదో ఒకటి వెళ్లి వాటిని తాకాలి. బకెట్టులో షాంపూ నీళ్లు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, అంతే, వేరే దారి లేదు. "రుద్దే పనే లేదు" అన్న మాట ట్యాంకు దగ్గర శుద్ధ అబద్ధం.

అయినా నేను దీన్ని తీసిపారేయను. ఎందుకంటే, పెయింట్ మీద గీతలు పడేది రుద్దడం వల్ల కాదు, ఇసుక ఉండగా రుద్దడం వల్ల. ఇసుకలో ఉండే క్వార్ట్‌జ్ కాఠిన్యం మోస్ కొలతలో పదికి 7, పెయింట్ మీద ఉండే పారదర్శక పొర (క్లియర్ కోట్) దాని ముందు ఏపాటిది. ఎండిన దుమ్ము మీద పొడి గుడ్డ పెట్టి పరపరా తుడిచేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. స్ప్రే ముందుగా ఆ ఇసుకని దించేస్తే, తర్వాత గుడ్డ పెట్టినా గీతల భయం బాగా తగ్గుతుంది. నా లెక్కలో ఈ సీసా అసలు ఉపయోగం అదీ, సందులూనూ. రుద్దడం ఎలాగూ తప్పదు, కాకపోతే రుద్దాల్సింది తగ్గుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. కొన్ని సీసాల మీద "యాసిడ్ లేదు" అని గొప్పగా రాస్తారు, అది చూసి ఇక ఏమీ కాదనుకుంటాం. అల్యూమినియం యాసిడ్‌కే కాదు, గాఢమైన క్షారానికీ కరుగుతుంది. ఆమ్ల, క్షార గుణాల్ని కొలిచే పీహెచ్ 7 అంటే తటస్థం, అక్కడి నుంచి ఒక్కో అంకె పెరిగితే క్షార గుణం పది రెట్లవుతుంది, అంటే 12కీ 13కీ మధ్య కనిపించే చిన్న తేడా నిజానికి చిన్నదేం కాదు. పెయింట్ లేని ఇంజిన్ కవర్లు, యానొడైజ్ చేసిన (కరెంటుతో పైన ఆక్సైడ్ పొర కట్టించిన) భాగాలు ఉంటే పీహెచ్ ఎంతో చూసి కొనండి, లేదా కనపడని మూల కాస్త కొట్టి చూడండి. సీసా మీద చెప్పిన సమయం దాటనివ్వొద్దు, మందుని ఎండనివ్వొద్దు. మసకబారి తెల్లగా పాలిపోయిన అల్యూమినియం కడిగితే తిరిగి రాదు, పాలిష్ పట్టాల్సిందే. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ శుభ్రం అవుతుందనే ఆలోచన ఇక్కడ పనికిరాదు.

వాసన ఘాటుగానే ఉంది, గాలికి ఎదురుగా నిలబడి కొడితే కళ్లు మండుతాయి. గ్లవ్స్ వేసుకోవడం మంచిది. ఇంకో చికాకు, ఆ ట్రిగ్గర్. బండంతా అయ్యేసరికి చూపుడువేలు పీకింది. పైగా చేయి ధారాళంగా ఆడితే సీసా ఇట్టే ఖాళీ. నీళ్లలో కలుపుకునే కాన్సెంట్రేట్ కొనుక్కుని, మొక్కలకి వాడే పంపు స్ప్రేయర్‌లో పోసుకుంటే చేతికీ సుఖం, జేబుకీ సుఖం.

ప్రెషర్ వాషర్ ఉన్నవాళ్లు చక్రాల బేరింగులు, హ్యాండిల్ మెడ, స్వింగ్‌ఆర్మ్ కీలు, రేడియేటర్ రెక్కల మీదికి నేరుగా గురిపెట్టకండి. సీల్ దాటి నీళ్లు లోపలికి పోతే గ్రీజు పాడై బేరింగ్ తుప్పు పడుతుంది, ఆ సంగతి చాలా రోజుల తర్వాత గరగరమంటే గానీ తెలియదు. బ్రేక్ డిస్కుల మీద స్ప్రే పడకుండా చూసుకున్నాను, పడినచోట నీళ్లతో బాగా కడిగాను. తడి డిస్కుకి మొదటి పట్టు సరిగా ఉండదు కాబట్టి, బయల్దేరగానే మెల్లగా పోతూ రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా నొక్కి ఆరబెట్టుకోవాలి.

చైన్ మాత్రం వదిలేయకండి. ఈ మందు చైన్ పైనున్న ల్యూబ్‌ని కొంతైనా ఊడ్చేస్తుంది, అలాగే వదిలేస్తే తుప్పు త్వరగా ఎక్కుతుంది. ఓ-రింగ్ చైన్ (లింకుల మధ్య రబ్బరు రింగులున్నది) అయితే లోపలి గ్రీజు రింగుల వెనక భద్రంగానే ఉంటుంది, రోలర్లకి మాత్రం బయటి నుంచి మనమే ఇవ్వాలి. పెట్రోల్‌తో కడగొద్దు, రబ్బరు రింగులు పాడవుతాయి. ఒక చిన్న రౌండ్ కొట్టి వచ్చి, చైన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు లోపలి వైపు నుంచి పలుచగా ల్యూబ్ పట్టించి, కాసేపాగి పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. ఆ తుడవడం మానేస్తేనే రిమ్ము మీద నల్ల జిడ్డు మళ్లీ చేరేది.