మెగావాట్ల కాకిలెక్కలు

"వెయ్యి మెగావాట్ల సోలార్ తెచ్చాం" అని మంత్రి చెప్పగానే చప్పట్లు పడతాయి. అందులో ఎంత ఒప్పంద దశలో ఉంది, ఎంత టెండర్లో, ఎంత నిర్మాణంలో, ఎంత గ్రిడ్‌కు కలిసింది అని అడిగితే మాత్రం మాట మారుతుంది. ఈ నాలుగింటినీ కలిపేసి ఒకే అంకె చదవడం పాత అలవాటు. అందుకే మొదట తేదీ వేసి అడగాలి: ఫలానా రోజుకి గ్రిడ్‌కు కరెంటు పంపుతున్నవి ఎన్ని మెగావాట్లు?

తర్వాత యూనిట్లు. 100 మెగావాట్ల ప్లాంటు ఏడాదిలో 8,760 గంటలూ నిండుగా నడిస్తే 87.6 కోట్ల యూనిట్లు రావాలి. రాత్రుళ్లు, మబ్బులు పోను సోలార్‌కు 20 శాతం దక్కితే 17.5 కోట్లు, 10 శాతమే దక్కితే 8.76 కోట్లు. మెగావాట్లు చెప్పి యూనిట్లు చెప్పని నాయకుడు సగం లెక్కే చెప్పినట్టు. లైన్లలో చోటు లేక ఆపేయించిన ఉత్పత్తి ఎంతో కూడా అడగండి. సాధారణంగా ఆ అంకెను ఎవరూ తమంతట తాము బయటపెట్టరు.

ఇంటి ఇన్సులేషన్ (వేడి దాటకుండా గోడలకూ అటకకూ వేసే పొర) హామీల లెక్క ఇంకా చిక్కు, ఎందుకంటే పని గోడలోనో అటకలోనో దాక్కుంటుంది. ఫలితం లెక్కగట్టడం మాత్రం తేలికే: యూ విలువ (ఒక డిగ్రీ తేడాకు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి పోతుందో చెప్పే అంకె), విస్తీర్ణం, లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా, ఈ మూడింటినీ గుణిస్తే చాలు. ఏమీ పరచని అటక యూ విలువ 2.3 దాకా ఉంటుంది. 50 చదరపు మీటర్లు, చలికాలంలో 15 డిగ్రీల తేడా అయితే 1,725 వాట్ల వేడి పైకి పోతుంది. 270 మిల్లీమీటర్ల మినరల్ ఊల్ (ఖనిజాల పీచుతో చేసిన మెత్త) సరిగ్గా పరిస్తే విలువ 0.16కి దిగి, పోయేది 120 వాట్లే. ఆ 'సరిగ్గా' దగ్గరే తేడా కొడుతుంది. ఊల్‌ను పెట్టెలతో అణగదొక్కితే అందులోని గాలి పోయి పనితనం పడిపోతుంది. చూరు దగ్గర గాలి దారి మూసేస్తే చెమ్మ పట్టి చెక్క కుళ్లుతుంది. అటక మూతను మర్చిపోతే అక్కడినుంచి వేడి పోతూనే ఉంటుంది.

హడావుడి పథకాలు ఎలా బెడిసికొడతాయో చూడండి. బ్రిటన్‌లో 2020 సెప్టెంబరులో మొదలైన గ్రీన్ హోమ్స్ గ్రాంట్ (ఇన్సులేషన్‌లాంటి పనులకు ఇళ్లవాళ్లకు సాయం చేసే పథకం) ఆరు నెలలకే మూతపడింది. 6 లక్షల ఇళ్లు అన్నారు, ఆడిట్ సంస్థ అంచనాలో తేలింది 47,500. గడువు అంత తక్కువగా ఉంటే గుర్తింపు తెచ్చుకుని, మనుషులను పెట్టుకుని పనిలోకి దిగడానికి ఏ చిన్న కాంట్రాక్టరు ముందుకొస్తాడు? ఆస్ట్రేలియాలో 2009 నాటి ఇంటి ఇన్సులేషన్ పథకం కథ మరీ విషాదం. నలుగురు యువ పనివాళ్లు చనిపోయారు, వారిలో ముగ్గురు కరెంటు షాక్ తగిలి. లోహపు రేకు ఇన్సులేషన్‌ను లోహపు స్టేపుల్స్‌తో బిగించేటప్పుడు ఒక్క పిన్ను వైరులో దిగినా రేకు మొత్తానికి కరెంటు పాకుతుంది. పథకాన్ని 2010 ఫిబ్రవరిలో ఆపేశారు. 2025లో మళ్లీ బ్రిటన్ ఆడిట్ సంస్థ చూస్తే, ప్రభుత్వ పథకాల కింద బయటి గోడలకు ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో 98 శాతం పనులు సరిదిద్దాల్సినవేనని తేలింది.

కాబట్టి "ఎన్ని ఇళ్లు చేశారు" అన్న ప్రశ్నకు విలువ తక్కువ. ఎన్ని ఇళ్లను పని చేసినవాడు కాకుండా వేరేవాడు తనిఖీ చేశాడు, ఎన్నింట్లో లోపం దొరికింది, దాన్ని ఎవరి ఖర్చుతో సరిచేశారు? గాలి చొరబాటును పనికి ముందూ తర్వాతా 50 పాస్కల్స్ (లోపలికీ బయటికీ గాలి ఒత్తిడి తేడా) దగ్గర ఎన్ని ఇళ్లలో కొలిచారు? గాలి చొరబడకుండా ఇళ్లను బిగించేటప్పుడు వెంటిలేషన్‌కు విడిగా డబ్బు పెట్టారా? పెట్టకపోతే గోడలకు బూజు పట్టే ప్రమాదం ఉంది.

అడగడం కాగితం మీదే అడగండి. మేనిఫెస్టోలోని వాక్యాన్ని అక్షరం మార్చకుండా పైన రాసి, కింద ఒకే ప్రశ్న పెట్టండి. ఒక ఉత్తరంలో అయిదు ప్రశ్నలుంటే తేలికైన దానికే జవాబొస్తుంది. బడ్జెట్‌లో మూడు అంకెలు కావాలి: కేటాయింపు, సవరించిన అంచనా, నిజంగా ఖర్చయింది. మూడోది చూడని విలేకరులే ఎక్కువ. ఉత్తరం బడ్జెట్ సమావేశాలకు రెండు నెలల ముందే చేరాలి, పద్దులు రాసేశాక ఎవరూ మార్చరు. "పరిశీలనలో ఉంది" అని జవాబొస్తే, దాని నంబరూ తేదీ వేసి, ఎవరు పరిశీలిస్తున్నారు, ఎప్పటికి తేలుస్తారు అని రెండో ఉత్తరం పంపండి. ప్రతిపక్ష సభ్యుడికీ ఒక నకలు పెట్టండి.